చేను పచ్చగానే ఉంది, పని ఏది?

ఉపాధి పని వచ్చాక కూలీలు సోమరులైపోయారనీ, చేలకు మనుషులు దొరకడం లేదనీ పెద్ద రైతులు ఇరవై ఏళ్ళుగా పాడుతున్న పాటే. ఇప్పుడది చట్టంలోకి ఎక్కింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టంలో, విత్తే రోజులూ కోసే రోజులూ కలిపి ఏడాదికి 60 రోజులు ఉపాధి పనులు ఆపాలని రాసుకున్నారు. చేలల్లో అంత పని ఉందా? చూద్దామని మాఘమాసం చివర్లో సంఘం తరఫున నలుగురం సైకిళ్ళు వేసుకుని రాజమండ్రి నుంచి బయలుదేరాం.

ధవళేశ్వరం దాకా గోదావరి గట్టే. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తున్నాం, వెయ్యాల్సిందే. ఆ రాళ్ళెత్తిన వేలమంది కూలీల పేర్లు మాత్రం మనకు తెలియవు. అక్కడ ఏరు వదిలి కాలవగట్టు ఎక్కాం. కడియం నర్సరీల్లో ఆడకూలీలు సంచుల్లో మట్టి నింపుతున్నారు. అది దాటి ద్వారపూడి వైపు పోతే ఇక అంతా దాళ్వా వరి. కాలవలో నీళ్ళున్నాయి, చేను దుబ్బు కట్టింది, గట్టున మామిడి పూతకొచ్చింది. చేలో మనిషి లేడు. కొంగలు తప్ప వంగి పనిచేసే ప్రాణి కనబడలేదు. ఒకప్పుడు ఈ రోజుల్లో గట్టు మీద సైకిలు సాగాలంటే, కలుపుకి పోయే ఆడవాళ్ళ బారుల్ని దాటుకుంటూ బెల్లు కొట్టుకుంటూ పోవలసి వచ్చేది.

గట్టు మీద గుడిసె ముందు చేట పట్టుకు కూర్చున్న ఒకామెను అడిగాం, "కలుపుకి వెళ్ళలేదా పిన్నీ?" అని.

"కలుపెక్కడిది బాబూ, మందు కొట్టేత్తన్నారు కదా. ఊడ్పులకే సగం మందిని పిలవలేదు, ఎదజల్లేసారు" అంది.

ఆ రెండు ముక్కల్లో ఉన్న లెక్క ఢిల్లీ కాగితాల్లో లేదు. విత్తడం వెదజల్లుడైంది. కలుపు మందు పాలైంది. ముఠా మొత్తం రోజంతా కోసే చేను మిషను దిగితే గంటా గంటన్నరలో అయిపోతోంది. అలాంటప్పుడు "సీజన్లో కూలీలు కావాలి" అని పని ఆపడం ఎందుకు? కూలి రేటు కోసం. ఉపాధి పని ఉన్నంతకాలం "ఆ రేటుకి రాం" అనే నోరు మనకు ఉంది. ఆ 60 రోజులూ ఆ నోరు కట్టేస్తే ఇచ్చినంత పుచ్చుకోవాల్సిందే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

100 రోజుల్ని 125 చేశాం గదా అంటారు. 2005 చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే. కొత్త దాంట్లో మన రాష్ట్రం లాంటివి ఖర్చులో నూటికి 40 భరించాలి. ఖజానా ఖాళీ అనే ప్రభుత్వం పని ఎంత తెరుస్తుందో వేరే చెప్పాలా?

కౌలు రైతు బాధ వేరు, దాన్ని కాదనం. రెండెకరాలు కౌలుకి చేసేవాడికి మన కూలి బరువే. అయితే అతని మెడ విరుస్తున్నది ముందు కౌలు, తర్వాత ఎరువు, మందు. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెట్టని ఆసామే కూలీలు ఖరీదైపోయారని ఊళ్ళో ప్రచారం చేస్తాడు. కౌలు రైతునీ మననీ తగువు పెట్టడానికి ఇంతకంటే మంచి మాట వాళ్ళకు దొరకదు.

పని లేకపోలేదు. దారిలో చాలాచోట్ల గుర్రపుడెక్క కాలవను కప్పేసింది. దాళ్వా అయ్యాక కాలవలు కట్టేస్తే పూడిక బయటపడుతుంది. పెద్ద కాలవకు మిషను కావాలంటే కావచ్చు. పిల్లకాలవలూ బోదెలూ పారతో అయ్యేవే. అవి కూడా కాంట్రాక్టరుకే ఎందుకు పోవాలి? శివారు చేలకు నీరందదని ఏటా గోల పెట్టే రైతులు ఈ కోర్కెలో మనతో కలిసి వస్తారు, అడగాలి.

అందుకని ప్రతి ఊళ్ళో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇంటింటికీ తిరిగి సార్వాలో ఎన్ని రోజులు, దాళ్వాలో ఎన్ని రోజులు చేలో పని దొరికిందో రాయండి. ఊడ్పు, కలుపు, కోత విడివిడిగా ఉండాలి, ఆడవాళ్ళ రోజులు వేరే గడిలో. 60 రోజుల మాట ఎక్కడ వచ్చినా, గ్రామసభలో అయినా మండలాఫీసులో అయినా, ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టి మాట్లాడదాం.