పుస్తకం ఊరికి చేరేదెప్పుడు?

జిల్లా కేంద్ర గ్రంథాలయాలలో కూర్చోవడానికి చోటు చాలడం లేదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీ యువకులు తలుపులు తీయకముందే వచ్చి నిలబడుతున్నారు. కుర్చీ దొరకనివారు వరండాలలో, చెట్ల నీడన చదువుకుంటున్నారు. వీరిలో చాలామంది పల్లెల నుండి వచ్చినవారే. ఈ పరిస్థితిలో, పాఠకుల కంటబడకుండా లోపలి గదులలో పనిచేసే సిబ్బందిని ఊరి వెలుపల వేరొక భవనానికి పంపి, ఆ గదులను పాఠకులకు ఇవ్వవచ్చు గదా అన్న ఆలోచన రావడం సహజం. ఆలోచన మంచిదే. కాని అది ఆచరణలో పల్లె పాఠకుడికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఆ లోపలి గదులలో జరిగే పని ఏమిటో చాలామందికి తెలియదు. కొన్న పుస్తకం నేరుగా బీరువాలోకి వెళ్ళదు. బిల్లుతో సరిచూడాలి. రిజిస్టరులో వరుస సంఖ్య వేసి ఎక్కించాలి. ముద్ర కొట్టాలి. ఏ విషయానికి చెందినదో చూసి వర్గ సంఖ్య ఇవ్వాలి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య ఉన్నది. కేటలాగులో చేర్చి, వెన్నుకు చీటీ, లోపల గడువు తేదీ కాగితం అంటించాలి. ఆ తరువాతనే శాఖా గ్రంథాలయానికి, అక్కడి నుండి పాఠకుడి చేతికి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా పుస్తకం కట్టలోనే ఉండిపోతుంది.

ఆ పుస్తకం ఎవరి డబ్బుతో వచ్చింది? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో కలిపి గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. రూపాయి పన్నుకు 8 పైసలు. పట్నంలో మేడ ఉన్నవాడితోపాటు పల్లెలో పెంకుటిల్లు ఉన్నవాడూ దీనిని కడుతున్నాడు. కాబట్టి ఈ తరలింపు గురించి అడిగే హక్కు పల్లెవాసికీ ఉన్నది.

పెద్ద నగరాలలో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పుస్తకాలను సిద్ధంచేసే పనిని, శాఖలకు పంచే పనిని 2010లో లాంగ్ ఐలాండ్ సిటీలోని ప్రత్యేక కేంద్రానికి చేర్చింది. 2013లో బ్రూక్లిన్ లైబ్రరీ కూడా ఆ ఏర్పాటులో చేరింది. అక్కడ ఏ పుస్తకం ఏ శాఖకు పోవాలో యంత్రం వేరుచేస్తుంది. లారీలు తీసుకువెళతాయి. గమనించవలసినది ఇదే. అక్కడ గదులు మార్చి ఊరుకోలేదు, రవాణాను కూడా అమర్చుకున్నారు. మనం భవనాన్ని మాత్రం అనుకరించి బండిని మరచిపోతే, కొత్త కేంద్రం గోదాముగా మిగులుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. పుస్తకాలు సిద్ధంచేసేవారు పాఠకుల మధ్యనే ఉంటే ఎవరు ఏమి అడుగుతున్నారో వారి చెవిన పడుతుంది. మిరప తెగుళ్ళ పుస్తకం కోసం రైతు వచ్చి ఉత్తచేతులతో తిరిగిపోతే, అది కట్ట విప్పని మూటలో ఉన్నదని గుర్తుచేసుకుని వెతికి ఇచ్చే అవకాశం ఉంటుంది. వర్గ సంఖ్య తప్పుపడి వేరే బీరువాలో చేరిన పుస్తకాన్ని అప్పటికప్పుడు సరిచేయవచ్చు. అదే సిబ్బంది ఊరవతల కూర్చుంటే ఆ తప్పు తెలిసేదెప్పుడు, దిద్దేదెప్పుడు? పాఠకుడి కాలం వృథా కాకూడదని 1931లోనే సూత్రం చేసిన రంగనాథన్‌గారి దేశం మనది.

అందువలన తరలించదలచిన జిల్లాలలో గ్రంథాలయ సంస్థలు కొన్ని నిబంధనలను ముందే ప్రకటించాలి. పుస్తకం వచ్చిన నాటి నుండి శాఖకు చేరే నాటివరకు ఇన్ని రోజులని గడువు పెట్టాలి. దానిని ప్రతి శాఖలో గోడమీద రాయించాలి. శాఖలకు వారం వారం బండి నడపాలి. లోపలి సిబ్బంది నెలకు కొన్ని రోజులైనా పాఠకుల ఎదుట, శాఖలలో పనిచేయాలి. గ్రంథపాలకుడు అడిగిన పుస్తకాల జాబితాకు జవాబు రావాలి. కొత్త చోట సిబ్బందికి గాలి, వెలుతురు, మంచినీరు, బస్సు సౌకర్యం ఉండాలి. పుస్తకాలకు చెదలు, తడి తగలకుండా చూడాలి. ఖాళీ చేసిన గదులను ఆఫీసు గదులుగా మార్చక, కుర్చీలు, బల్లలు వేసి పాఠకులకే వదలాలి. ఈ హామీలు లేనప్పుడు ఉన్నచోటనే సర్దుకోవడం మేలు.

గ్రామస్థులు కూడా ఊరకుండరాదు. కొత్త పుస్తకాలు చివరిసారి ఎప్పుడు వచ్చాయో తమ ఊరి గ్రంథాలయంలో అడగాలి. పంచాయతీ వసూలుచేసిన గ్రంథాలయ పన్ను జిల్లా సంస్థకు జమ అయినదా అని గ్రామసభలో ప్రశ్నించాలి.

1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువల మీద ఊరూరికీ చేర్చారు. ఈనాడు ఊరూరికీ రోడ్డు ఉన్నది, బండి ఉన్నది. పుస్తకం సిద్ధమయ్యే గది ఎక్కడ ఉన్నా, అది ఊరికి చేరడంలో మాత్రం ఆలస్యం ఉండరాదు.