బంగారు ప్రూఫు నాణెములు - సంగ్రాహకుని అమానతు

నాణెముల సంగ్రహణమును గూర్చి విద్యార్థులలో రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. అది ధనికుల వినోదమని కొందరందురు. బంగారమును కూడబెట్టి దాచుట ధర్మసమ్మతము కాదని మరికొందరందురు. రెండవది తేలికగా త్రోసివేయదగినది కాదు. నిసాబునకు మించి ఏడాదిపాటు నిలువయున్న బంగారముపై జకాత్ విధించిన ధర్మము, దానిని పాతిపెట్టియుంచుటను మెచ్చదు. అయినను పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా బంగారు ప్రూఫు నాణెముల చరిత్రను పరిశీలించినచో, ఈ తీర్పు సంగ్రాహకులందరికిని ఒకే తీరున వర్తింపదని మేము తలంచుచున్నాము.

ప్రూఫు నాణెమనగా అంగడిలో చెల్లుబాటు కొరకు గాక, చూచి దాచుకొనుటకై ప్రత్యేకముగా ముద్రించినది. మెరుగుపెట్టిన అచ్చుల నడుమ మెరుగుపెట్టిన బంగారు బిళ్ళనుంచి గట్టిగా ఒత్తుదురు. నేలభాగము అద్దమువలె మెరయును, బొమ్మ మాత్రము మంచుపట్టినట్లు మసకగా నుండును. ఫిలడెల్ఫియా టంకశాల ఇట్టివానిని మిక్కిలి తక్కువగా ముద్రించినది. 1863లో ఇరువది డాలర్ల ప్రూఫులు 30, 1875లో మూడు డాలర్లవి 20 మాత్రమే. 1883, 1884, 1887 సంవత్సరములలో ఆ టంకశాలనుండి వెలువడిన ఇరువది డాలర్ల నాణెములన్నియు ప్రూఫులే. వాని సంఖ్య వరుసగా 92, 71, 121.

ఈ కొద్దిపాటివైనను అన్నియు దక్కలేదు. అమ్ముడుపోనివానిని టంకశాలయే కరిగించెడిది. కొన్నవాడు సైతము ఇబ్బంది కలిగినపుడు అంగడిలో ఖర్చుపెట్టుకొనవచ్చును, ఏలయన ముఖవిలువకు సరిపడు బంగారము అందుండెను. ఇరువది డాలర్లన్న ఆనాటి కూలివాని వారపు సంపాదనకు మించిన సొమ్ము. అట్టి ఆకర్షణను కాదని ఎవరో ఒకరు దాచుటచేతనే నేడవి కనిపించుచున్నవి.

దాచినందువలన లోకమునకేమి లాభము? ఒక ఉదాహరణము చాలును. 1804 సంవత్సరము గల వెండి డాలరును గూర్చి పండితులు చిరకాలము వాదించుకొనిరి. ఆ ఏట టంకశాల డాలర్లను ముద్రించినమాట నిజమే గాని, వానిపై పాత సంవత్సరములే యుండెను. మరి ఇది ఎక్కడిది? అమెరికా రాయబారి ఎడ్మండ్ రాబర్ట్స్ మస్కట్ సుల్తానునకును సయాం రాజునకును కానుకగా నిచ్చుటకు 1834లో నాణెముల పెట్టెలు సిద్ధపరచిరి. సయాం రాజు పెట్టె 1962లో పండితుల కంటబడినది. అందు ఈ డాలరుతోపాటు 1804 గల పది డాలర్ల బంగారు ప్రూఫును, 1834 నాటి ఇతర నాణెములును చెక్కుచెదరక యుండెను. పెట్టెను విడదీసి అమ్ముకొని యుండినచో అంతటి సాక్ష్యము దొరకునా?

సంగ్రాహకులందరు కుబేరులని తలంచుటయు పొరపాటే. కొడాక్ సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడైన జాన్ జే పిట్‌మన్ జీతముపై బ్రతికినవాడు. రాజ్యభ్రష్టుడైన ఫారూక్ రాజు సంగ్రహమును 1954లో కైరోలో వేలము వేసినపుడు, ఇల్లు తనఖా పెట్టి అచ్చటికి వెళ్ళెను. ఆ సాహసమును మేము ఎవ్వరికిని సిఫారసు చేయము! కాని ఆయన ఒక్కొక్క నాణెమును చదివి కొనెను.

మేము నిరసించునది వేరొకటి. 1986 తరువాత నాణెమునకు అంకె వేసి ప్లాస్టిక్ బిళ్ళలో బిగించు వ్యాపారము ప్రబలినది. దానివలన మోసములు తగ్గినవి, కాదనము. కాని నాణెమును చూడక అంకెనే చూచి కొని, ధర పెరుగువరకు బ్యాంకు అరలో మూయువాడు సంగ్రాహకుడు కాడు. మొదటి ఆక్షేపణయు, రెండవదియు అతనికి నిండుగా తగులును. ఫిలడెల్ఫియా టంకశాల 1838 నుండి కూర్చిన సంగ్రహము 1923లో స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది. జోసయా లిల్లీ కూర్చిన ఆరువేలకు పైబడిన బంగారు నాణెములు 1968లో అచ్చటికే చేరినవి. అమానతు అనగా మా దృష్టిలో నిదియే.

కళాశాల సంఘమువారికి మా విన్నపమొకటి. మన విద్యార్థుల ఇండ్లలో హాలీ సిక్కాలు, ఎక్కడనో ఒక అష్రఫీ యుండవచ్చును. వానిని ఎవ్వరును తెచ్చి ఇయ్యనక్కరలేదు. గ్రంథాలయములో ఒక రిజిస్టరు తెరచి, తూకము, కొలత, లిపి, హిజ్రీ సంవత్సరము వ్రాయించినచో చాలును. అంతవరకు ఇంటివారు వానిని చింతపండుతో తోమకుండ చూడవలసినదిగా విద్యార్థులను కోరుచున్నాము.