టైఫాయిడ్ అనుకున్న మలేరియా

2002 జూలైలో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓ మహిళను చేర్చారు. విడిచి విడిచి జ్వరం, వణుకు. అక్కడ టైఫాయిడ్‌కు మందులిచ్చారు. నాలుగు రోజుల్లో పరిస్థితి చేయిదాటింది. మరో ఆసుపత్రికి తరలిస్తే, అక్కడి రక్తపరీక్షలో మలేరియా క్రిములు కనిపించాయి. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఆమె బతకలేదు. భర్త మలేరియా విభాగంలోనే అధికారి. ఇదే సంగతి కథలో రాస్తే ‘మరీ అతి’ అనేవాళ్లం.

జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, కట్టించుకున్న 10 వేలు వాపసు చేయాలని చెప్పింది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ సరేనంది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని, కొన్నిచోట్ల కేసు షీటే సాక్ష్యం చెబుతుందని దాని సారాంశం. తోటి డాక్టరు తప్పు చేశాడని రాసిచ్చే డాక్టరును వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

అలాగని ‘జబ్బు పట్టుకోలేదు కాబట్టి పరిహారం కట్టాల్సిందే’ అని ఆ తీర్పు ఎక్కడా అనలేదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ తొలి ఒకటి రెండు రోజుల్లో ఒకేలా కనిపించవచ్చు. మొదటి అంచనా తప్పడం వైద్యంలో రోజూ జరిగేదే. పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2005లోనే స్పష్టం చేసింది: అంచనాలో పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు. పోయాక వచ్చిన రిపోర్టు చేతిలో పట్టుకుని చూస్తే అన్నీ ముందే తెలిసినట్టు అనిపిస్తాయి. కోర్టు చూడాల్సింది మాత్రం ఆ రోజు, ఆ గదిలో, ఆ డాక్టరు ముందు ఏముందన్నదే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఎందుకు పట్టుకోలేదు?’ కాదు. ఆ లక్షణాలు చూశాక సాధారణ వైద్యుడికి ఏ అనుమానాలు రావాలి? వాటిలో వేటికి పరీక్షలు చేశారు? అన్నిటికన్నా ముఖ్యం, మందు పనిచేయడం లేదని తెలిశాక మరో దారి ఆలోచించారా? చాలా కేసులు ఈ మూడో ప్రశ్న దగ్గరే తేలతాయి. మొదటిరోజు తప్పు అంచనాను క్షమించవచ్చు. రోగి దిగజారుతున్నా అదే అంచనాను పట్టుకుని వేలాడితే సమర్థించుకోవడం కష్టం.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. డాక్టరు తప్పు రుజువైనా, ఆ తప్పే నష్టానికి కారణమని చూపలేకపోతే కేసు ఓడిపోవచ్చు.

1966 జనవరి 1న లండన్‌లో ముగ్గురు రాత్రి కాపలాదారులు టీ తాగాక వాంతులతో ఆసుపత్రికి వెళ్లారు. డ్యూటీ డాక్టరు వాళ్లను చూడనేలేదు. ఇంటికెళ్లి సొంత డాక్టర్లకు చూపించుకోమని నర్సుతో చెప్పించాడు. మధ్యాహ్నానికి వాళ్లలో ఒకరు చనిపోయారు. టీలో ఆర్సెనిక్ కలిసింది. నిర్లక్ష్యం ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ ఆసుపత్రిలో చేర్చుకున్నా విరుగుడు సమయానికి అందేది కాదంటూ భార్య వేసిన దావాను కొట్టేసింది. 2005లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ ఇంకా ముందుకెళ్లింది. చంకలో గడ్డను మామూలుదేనని డాక్టరు పంపించేయడంతో ఒక రోగికి క్యాన్సర్ వైద్యం తొమ్మిది నెలలు ఆలస్యమైంది. బతికే అవకాశం 42 శాతం నుంచి 25కు పడిపోయింది. మొదటే సగానికన్నా తక్కువ కదా అని ముగ్గురు న్యాయమూర్తులు అతనికి వ్యతిరేకంగా, ఇద్దరు అనుకూలంగా తీర్పు చెప్పారు. ఈ లెక్క ప్రకారం 51 శాతం అవకాశం పోగొట్టుకున్నవాడికి పూర్తి పరిహారం, 49 పోగొట్టుకున్నవాడికి సున్నా. తర్కం ఉండొచ్చు, న్యాయం మాత్రం కనిపించదు.

హైదరాబాద్ కేసు ఆ కోణంలో తేలిక. మలేరియాకు చవకైన పరీక్ష ఉంది, వేళకు వేస్తే పనిచేసే మందూ ఉంది. పరీక్ష, మందు రెండూ అందుబాటులో ఉండి, కేవలం ఆలస్యమే ప్రాణం తీసినచోట దావాకు బలం ఎక్కువ. ముదిరిన క్యాన్సర్‌ను రెండు వారాలు ఆలస్యంగా గుర్తించారన్న ఫిర్యాదుకు అంత బలం ఉండదు. డాక్టరు అజాగ్రత్త రెండుచోట్లా ఒకటే అయినా సరే.

ఇదంతా తేల్చాల్సింది రికార్డులే. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో వాటిని రోగికి ఇవ్వాలి. మన దగ్గర బంధువుల చెయ్యి ముందు ఆసుపత్రి అద్దాల మీదికి వెళుతుంది, కేసు షీటు గుర్తొచ్చేసరికి నెలలు గడుస్తాయి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అదీ కనీసం కొందరి దగ్గరైనా డబ్బు తీసుకునే ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నవాళ్లకే. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి రావని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అదే జ్వరం, అదే తప్పు అలాంటి సర్కారు దవాఖానాలో జరిగితే ఆ కుటుంబం సివిల్ కోర్టు మెట్లెక్కాలి, అక్కడ కోర్టు ఫీజు వేరు, పట్టే కాలం వేరు.