అమ్మానాన్న పెద్దవూరలో, మీరు హైదరాబాద్‌లో: చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

తల్లిదండ్రుల్ని పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో 10-15 శాతం కోసి, నేరుగా ఆ పెద్దల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని 2025 అక్టోబరులో సీఎం రేవంత్ రెడ్డి ప్రకటించారు. అస్సాంలో ఇలాంటి చట్టం 2017లోనే వచ్చింది. మంచిదే. మరి ప్రైవేటు ఉద్యోగుల, ఆటో నడిపేవాళ్ల తల్లిదండ్రుల సంగతేంటి?

వాళ్లకు ఉన్న ఆధారం 2007 నాటి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం. పెద్దవూర వాళ్లైతే మిర్యాలగూడ ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. పిల్లలకు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పదనుకుంటే ఇంకో 30 రోజులు. భరణం మాత్రం నెలకు రూ.10 వేలు మించదు. ఈ రోజుల్లో మంచాన పడ్డ మనిషికి ఆ డబ్బుతో ఏమవుతుందో మీకు తెలియంది కాదు! ఈ పరిమితి ఎత్తేసి, ఇంటికొచ్చి సేవలందించే సంస్థలనూ చట్టం కిందికి తేవాలని 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు.

చాలామంది దెబ్బతినేది భూమి దగ్గర. బాగా చూసుకుంటాడని కొడుకు పేర పొలం రాసిచ్చేస్తారు, తర్వాత అన్నం పెట్టేవాళ్లుండరు. సెక్షన్ 23 కింద ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయించవచ్చు. కానీ ‘పోషించాలి’ అన్న షరతు మీదే రాసిచ్చారని తేలాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను పెద్దలకు మేలు జరిగేలా చూడాలని చెప్పింది. అయినా నోటిమాటను నమ్ముకోకండి. ఆ ఒక్క వాక్యం కాగితంలో రాయించండి.

ఇక వైద్యం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. 70 ఏళ్లు దాటితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయవందన కార్డు ఉంది. రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చేవే. నాగార్జునసాగర్ ఏరియా ఆసుపత్రిదాకా నాన్నను తీసుకెళ్లేదెవరు, అమ్మకు రోజూ బీపీ మాత్ర గుర్తుచేసేదెవరు? ఇంటి దగ్గర సాయాన్ని 2007 చట్టం హక్కుగా ఇవ్వలేదు. అసలు లోటు ఇక్కడే ఉంది.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలో, మంచానికే పరిమితమైనవారి ఇంటికి వెళ్లి చూడటం కూడా భాగమే. కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు ఏఎన్ఎంను కలిసి, మీవాళ్ల పరిస్థితి చెప్పి పేరు రాయించండి. ఫోన్లో సలహాకైతే ఎల్డర్‌లైన్ 14567 ఉంది.