మన పంట కష్టం ఎవరికి తెలియాలి?



కాయ తొలిచే పురుగుకి అగ్ని అస్త్రం ఎలా చెయ్యాలో ఫోన్‌లో వెతికాను. ఆ తర్వాత రెండు రోజులు ఏది తెరిచినా పురుగుమందుల ప్రకటనలే! మనం ఏం వెతికామో గుర్తుపెట్టుకుని, దాన్ని బట్టి ప్రకటనలు చూపించి సంపాదించడమే పెద్ద సెర్చ్ ఇంజన్ల వ్యాపారం. మన అవసరం ముందే తెలిసిన వ్యాపారి దగ్గర బేరం ఎలా ఉంటుందో మనకి తెలియనిదా?

అందుకే నేను డక్‌డక్‌గో వాడమంటాను. ఇది 2008 నుంచీ ఉంది. ఇందులోనూ ప్రకటనలుంటాయి. కానీ అవి అప్పుడు కొట్టిన మాటను బట్టే వస్తాయి, మన పాత వెతుకులాటను బట్టి కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన స్టార్ట్‌పేజ్ అయితే మనమెవరో చెప్పకుండానే గూగుల్ ఫలితాలు తెచ్చిపెడుతుంది.

తెలుగులో వెతికితే నాకు ఫలితాలు కాస్త తక్కువే వస్తున్నాయి, నిజమే. అప్పుడు ఇంగ్లీషు పేరు కూడా కలిపి కొట్టండి. ఇంకో మాట: ఫలితం నొక్కి లోపలికి వెళ్లాక ఆ వెబ్‌సైటు మనల్ని గమనించవచ్చు. అడిగిన ప్రతిచోటా ఫోన్ నంబరు ఇవ్వకండి.

క్రోమ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, సెర్చ్ ఇంజన్ దగ్గర మార్చుకోవడమే. వీడియోలో చూపించాను. మందు డబ్బాలు పొలంలోకి రానివ్వని మనం, మన కష్టం కబురు వాటిని అమ్మేవాళ్లకి ఎందుకు పంపాలి?