మనోవ్యాధికి మందుంది

"మనోవ్యాధికి మందు లేదు" అన్నది తెలుగునాట తరతరాలుగా వినవస్తున్న సామెత. సామెతలు అనుభవం నుంచి పుడతాయి. నాడి పట్టి చూసినా అంతుపట్టని దిగులు, ఏ కషాయానికీ లొంగని బెంగ పూర్వులకు తెలుసు. ఆ నిస్సహాయతను వారు మూడు మాటల్లో చెప్పారు. కాని నాటి నిస్సహాయత నేటికీ తీర్పుగా నిలిచిపోకూడదు. మనస్సుకు కలిగే రుగ్మతలలో అనేకం ఇప్పుడు చికిత్సకు లొంగుతున్నాయి. ఆ చికిత్సను నేర్పే విద్యాలయాలూ ఉన్నాయి. కొరవడినవి రెండే: చికిత్స కోసం వెళ్ళడం తప్పు కాదన్న ధైర్యం, చికిత్స పొందినవారు ఆ విద్యకు అనర్హులు కారన్న విశ్వాసం. ఈ రెండూ యువతరానికి కలగాలి.

మానసిక చికిత్స అనగానే మూసిన తలుపులు, బలవంతపు మందులు చాలామంది కళ్ళముందు మెదలుతాయి. ఈ ఊహకు చలనచిత్రాలు చాలావరకు కారణం. వాస్తవానికి ఈ రంగంలో రెండు ప్రధాన వృత్తులున్నాయి. వైద్యవిద్య పూర్తిచేసి, మానసిక రుగ్మతల చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారు సైకియాట్రిస్టులు. వీరు మందులు ఇస్తారు. మనస్తత్వశాస్త్రం అభ్యసించి, మాటల ద్వారా చికిత్స చేయడంలో శిక్షణ పొందినవారు క్లినికల్ సైకాలజిస్టులు. ఈ మాటల చికిత్సనే నేడు థెరపీ అని వ్యవహరిస్తున్నారు. తీవ్రమైన రుగ్మతలకు రెండూ అవసరమవుతాయి. ఓ మోస్తరు దిగులుకు, భయానికి అనేక సందర్భాలలో థెరపీ ఒక్కటే సరిపోతుంది.

మాటలతో వ్యాధి ఎలా తగ్గుతుందన్న సందేహం సహజమే. అమెరికాకు చెందిన మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960వ దశకంలో రూపొందించిన పద్ధతిని పరిశీలిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. కుంగుబాటుకు లోనైనవారి మనస్సులో కొన్ని తలంపులు వాటంతటవే మెదులుతాయనీ, వాటిని వారు పరీక్షించకుండానే సత్యాలుగా నమ్ముతారనీ ఆయన గమనించాడు. భౌతికశాస్త్రం పరీక్షలో తప్పిన ఒక విద్యార్థి, "నేను పరీక్ష తప్పాను, నేను దేనికీ పనికిరాను, ఇంటిల్లిపాదికీ భారమయ్యాను" అనుకోవచ్చు. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే జరిగిన విషయం. మిగిలిన రెండూ దిగులు అల్లిన ఊహలు. థెరపిస్టు వాటిని తోసిపుచ్చడు, "ధైర్యంగా ఉండు" అని చెప్పి పంపించడు. ఆ నమ్మకానికి ఆధారమేమిటని అడుగుతాడు. వ్యతిరేకమైన ఆధారాలను విద్యార్థిచేతనే వెదికిస్తాడు. ఇంటివద్ద రాసుకొని రమ్మంటాడు. సాధారణంగా వారానికి ఒకసారి, సుమారు గంటసేపు ఈ పని సాగుతుంది. చెప్పిన సంగతులు గోప్యంగా ఉంటాయి. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే ఆ నియమానికి మినహాయింపు. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. శిక్షణ ఉంది, సాధన ఉంది.

ఈ మాత్రానికి నిపుణుడెందుకు, స్నేహితునితో చెప్పుకుంటే చాలదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆప్తునితో చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందన్నది నిజం. అయితే కాలు బెణికినప్పుడు స్నేహితుని భుజం ఆసరా అవుతుంది. ఎముక విరిగినప్పుడు కట్టు కట్టడం తెలిసినవారు కావాలి. పైగా స్నేహితునికీ తన కష్టాలు తనకుంటాయి. విన్నదానికి కంగారుపడి ఏదో ఒక సలహా చెప్పి తప్పుకోవాలని అతనికి అనిపించవచ్చు. కంగారుపడకుండా వినడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఇంత తెలిసినా జనం వెనుకాడడానికి కారణం, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరు తెలుగువారి నోట పరిహాసపదంగా మారింది. విశాఖపట్నంలో బ్రిటిషు పాలనాకాలంలోనే నెలకొన్న వాల్తేరు మానసిక వైద్యశాల విషయంలోనూ ఈ చిన్నచూపు లేకపోలేదు. కంటి ఆసుపత్రికి వెళ్ళినవారిని ఎవరూ ఎగతాళి చేయరు. మనస్సుకు జబ్బు చేసినవారి పట్ల మాత్రం జాలి కూడా చూపక నవ్వడం అలవాటైపోయింది.

ఈ చిన్నచూపు ఎంతటి అనర్థానికి దారితీస్తుందో తమిళనాడులోని ఎర్వాడి చాటిచెప్పింది. 2001 ఆగస్టు 6న అక్కడ ఒక ఆశ్రయకేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. వారిని బంధించినవి గొలుసులే అయినా, ఆ గొలుసులు వేయడం సబబేనని నమ్మిన అజ్ఞానం అంతకంటె బలమైన బంధం. చట్టం ఈ విషయంలో సమాజంకంటె ముందుకు నడిచింది. 1912 నాటి చట్టం రోగులను ప్రధానంగా నిర్బంధించవలసినవారిగా చూసింది. 1987లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. 2017లో రూపొంది 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స పొందడాన్ని ఒక హక్కుగా గుర్తించింది. రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. రోగి వివరాల గోప్యతకు రక్షణ కల్పించింది. చట్టం మారినంత త్వరగా మనుషుల చూపు మారడం లేదు.

ఈ చూపు మారవలసిన అవసరాన్ని గ్రహించడానికి భీమునిపట్నం మంచి ఉదాహరణ. గోస్తనీనది సముద్రంలో కలిసేచోట వెలసిన ఈ పట్టణానికి 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన రేవు ఇది. అంతకు ఎన్నో శతాబ్దాల పూర్వం, పట్టణానికి చేరువలోని పావురాలకొండపై బౌద్ధ భిక్షువులు విహారాలు నిర్మించుకొని నివసించారు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణాన్ని తెలుసుకొంటే దానిని తొలగించే మార్గమూ ఉంది అన్నది బౌద్ధం బోధించిన మూలసూత్రం. దుఃఖాన్ని చూసి సిగ్గుపడమని ఆ ధర్మం చెప్పలేదు, పరిశీలించమని చెప్పింది. కనుక మనస్సును పరీక్షించడం పడమటి దేశాలనుంచి నిన్నగాక మొన్న దిగుమతి అయిన వింత కాదు. ఈ నేలకు అది పాత పరిచయమే.

భీమిలి నుంచి సాగరతీరం వెంట సుమారు 25 కిలోమీటర్లు ప్రయాణిస్తే విశాఖపట్నం వస్తుంది. అక్కడ వాల్తేరు ప్రాంతంలోనే మానసిక వైద్యశాల ఉంది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఒకటి మనస్సుకు చికిత్స చేసే చోటు, రెండవది మనస్తత్వశాస్త్రాన్ని బోధించే చోటు. రెండూ ఒకదానికొకటి దూరం కావు. భీమిలి యువతి ఒకతె ఆ దారిన విశ్వవిద్యాలయానికి వెళ్తే ఇంటివారు గర్వంగా చెప్పుకుంటారు. అదే దారిన వైద్యశాలకు వెళ్తే బంధువులకు తెలియనివ్వరు. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని భయపడతారు. ఆ యువతి రెండు చోట్లకూ వెళ్ళవలసివస్తే? చికిత్స పొందుతూనే, ఆ శాస్త్రాన్ని చదివి పదిమందికి సాయపడాలని కోరుకుంటే? "తన మనస్సునే సరిదిద్దుకోలేనిది ఇతరులకేం చెప్తుంది?" అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు ఆ శాస్త్రచరిత్రే సమాధానం చెబుతుంది. మనోవిశ్లేషణ నేర్చుకొనేవారు ముందుగా తామే విశ్లేషణకు కూర్చోవాలన్న నియమాన్ని ఫ్రాయిడ్ అనుయాయులు 1920వ దశకంలోనే ఏర్పరచుకొన్నారు. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అనే యువకుడు మానసిక వైద్యశాలల్లో తాను పడిన బాధలను 1908లో గ్రంథంగా వెలువరించి, మరుసటి సంవత్సరమే మానసిక ఆరోగ్యంకోసం జాతీయ సంఘాన్ని స్థాపించాడు. తాను బైపోలార్ రుగ్మతతో జీవిస్తున్నానని 1995లో తన గ్రంథంలో వెల్లడించిన కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్, ఆ రుగ్మతపైనే ప్రామాణికమైన పరిశోధన చేసిన ఆచార్యురాలు. ఆత్మహింసకు పాల్పడేవారికోసం ప్రత్యేకమైన చికిత్సావిధానాన్ని రూపొందించి ప్రపంచఖ్యాతి పొందిన మార్షా లినెహాన్, తాను యౌవనంలో రెండేళ్ళకు పైగా మానసిక వైద్యశాలలో గడిపిన సంగతిని 2011లో బహిరంగంగా ప్రకటించింది. వీరి విద్వత్తును వీరి వ్యాధి తగ్గించలేదు. బాధితుల బాధ ఎలా ఉంటుందో వీరికి గ్రంథాలవల్ల మాత్రమే తెలిసినది కాదు.

అయితే దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. బాధపడిన ప్రతివారూ ఆ బాధవల్లనే చికిత్సకులు కాలేరు. జ్వరపడి లేచినవారందరూ వైద్యులు కానట్లే ఇదీను. తన బాధకు మందు వెదుక్కోవడానికి మాత్రమే ఈ చదువులో చేరేవారికి నిరాశ తప్పదు. పాఠ్యగ్రంథం చికిత్స చేయదు. అందులోని ప్రతి రుగ్మతాలక్షణమూ తనకే ఉన్నట్లు తోచే ప్రమాదమూ ఉంది. మానని గాయంతో ఎదుటివారి కథ వింటే, అందులో తన కథే వినిపిస్తుంది. అందుచేత చికిత్స చికిత్సగా, చదువు చదువుగా సాగాలి. చికిత్సవల్ల మనస్సు కుదుటపడాలి. చదువువల్ల విషయం తెలియాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో జరిగే శిక్షణవల్ల ఈ రెంటినీ వేరుచేసి చూసే నేర్పు అలవడాలి. ఈ క్రమాన్ని పాటించినవారికి గతంలోని రుగ్మత లోపం కాదు.

ఆ చదువుకు తెలుగునాట బలమైన పునాదే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామానసిక శాస్త్ర శాఖను నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932-2021), పాశ్చాత్య మనస్తత్వశాస్త్రాన్నీ భారతీయ చింతననూ కలిపి చదవాలని జీవితమంతా కృషిచేశారు. ఆయన ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగానూ పనిచేశారు. 2011లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. క్లినికల్ సైకాలజిస్టు కాగోరినవారు డిగ్రీ, ఆపై స్నాతకోత్తర విద్య పూర్తిచేయాలి. అటుపై వైద్యశాలలో రోగుల మధ్య శిక్షణ పొందాలి. 1992 నాటి చట్టం ద్వారా చట్టబద్ధత పొందిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఇది కొద్ది వారాల శిక్షణతో ముగిసే విద్య కాదు.

ఈ విద్య నేర్చినవారి అవసరం దేశానికి ఎంతో ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వయోజనులలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. చికిత్స అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఈ లోటు సంఖ్యలో మాత్రమే కాదు, భాషలోనూ ఉంది. పాఠ్యగ్రంథాలు ఆంగ్లంలో ఉంటాయి. దుఃఖం మాత్రం మాతృభాషలో పుడుతుంది. భీమిలి తీరంలోని మత్స్యకార కుటుంబానికి చెందిన తల్లి తనకు డిప్రెషన్ ఉందని చెప్పదు. గుండెల్లో దడ అంటుంది, ఒంట్లో సత్తువ లేదంటుంది, దేనిమీదా మనసు పోవడం లేదంటుంది. ఆ మాటల వెనుక ఉన్న వ్యాధిని పోల్చుకోగలిగినవాడే ఆమెకు వైద్యుడు. తెలుగు బాగా తెలియడం ఈ వృత్తిలో అలంకారం కాదు, పనిముట్టు.

కళాశాలలపైనా ఒక బాధ్యత ఉంది. ప్రయోగశాల లేని సైన్సు కళాశాలను ఎవరూ ఆమోదించరు. వేలమంది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు మార్కుల ఒత్తిడిలో చదివేచోట శిక్షణ పొందిన కౌన్సెలర్ లేకపోవడాన్ని కూడా అలాగే లోపంగా పరిగణించాలి. ఫలితాలు వెలువడిన తరువాత విచారం ప్రకటించడంకంటె, ఫలితాలకు ముందే వినే మనిషిని నియమించడం మేలు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇందుకు రుసుము లేదు.

నిద్రపట్టని రాత్రులు వరుసగా గడుస్తున్నప్పుడు, చదువుమీద, తిండిమీద, తోటివారిమీద ఆసక్తి నశిస్తున్నప్పుడు విద్యార్థి ఆ సంగతిని తల్లిదండ్రులకో ఉపాధ్యాయునికో చెప్పాలి. నిపుణుని వద్దకు వెళ్ళాలి. విన్న పెద్దలు మందలించకుండా వెంట వెళ్ళాలి. అలా వెళ్ళి కోలుకొన్నవారిలో కొందరు రేపు ఆ కుర్చీకి ఎదురుగా కూర్చొని మరొకరి మాట వింటారు. వారిని అనుమానంతో కాక గౌరవంతో స్వీకరించిననాడు, పాత సామెతను పిల్లలకు చెప్పవలసిన అవసరం పెద్దలకు ఉండదు.