ఆర్నెల్లు తల్లిపాలే.. మరి కూలికెళ్లే తల్లికి సెలవు ఎవరిస్తారు?

పామర్రు: ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. అంగన్‌వాడీల్లో పోస్టర్లు, ఆసుపత్రుల్లో అవగాహన సదస్సులు. సరిగ్గా అదే సమయంలో కృష్ణా డెల్టాలో వరినాట్లు జోరుగా సాగుతుంటాయి. పామర్రు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో తెల్లారేసరికి నాట్ల ముఠాలు ఆటోలెక్కేస్తాయి. నెలల బిడ్డను అత్త దగ్గరో అమ్మ దగ్గరో వదిలి వచ్చే తల్లులూ వాటిలో ఉంటారు.

వారోత్సవాల్లో వినిపించే మాట ఒక్కటే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆర్నెల్లు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దు. ఈ మాట చాలామంది తల్లులకు తెలిసిందే. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం దేశంలో ఆర్నెల్లలోపు పిల్లల్లో కేవలం తల్లిపాలు తాగుతున్నది 63.7 శాతమే. గంటలోపు పాలు అందింది 41.8 శాతం మందికే. మరి ఎక్కడ ఆగిపోతోంది?

మొదటి గంటలోనే అడ్డంకి

ఏపీలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయని అదే సర్వే చెబుతోంది. అయితే 42.4 శాతం సిజేరియన్లు. తల్లి లేవలేదు, బిడ్డ వేరే చోట ఉంటుంది, ఈలోగా డబ్బాపాలు వచ్చేస్తాయి. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి స్పృహలోనే ఉంటుంది. నర్సు పక్కనుండి సాయం చేస్తే ఆ గంటలోనే పాలు పట్టొచ్చు. కావాల్సింది ఆ సాయం చేసే మనిషి.

ఇంటికొచ్చాక పెద్దల మాట

తేనె నాకించడం, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్.. ఇవన్నీ ప్రేమతో చేసేవే. ఎండాకాలమైతే నోరు ఎండిపోతుందని నీళ్లు పడతారు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే, అందుకే ఎండల్లోనూ విడిగా నీళ్లు అక్కర్లేదు. మన ఆనవాయితీలో కూడా అన్నప్రాశన ఎక్కువగా ఆరో నెలలోనే కదా!

‘పాలు చాలడం లేదు’

బిడ్డ ఏడిస్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట ఇది. డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది. కానీ ఈ ఒక్క మాట ఏ ప్రకటన కన్నా గట్టిగా పనిచేస్తోంది. బిడ్డ చీకే కొద్దీ పాలు ఊరతాయి. డబ్బా మొదలుపెడితే చీకడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

అసలు లెక్క కూలి దగ్గరే

2017 చట్ట సవరణతో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు దక్కింది. అంటే 182 రోజులు, సరిగ్గా ఆర్నెల్లు. రోజుకో రైతు పొలంలో నాటు వేసే కూలీకి ఆ సెలవు లేదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు వచ్చేది 5 వేలు, అదీ విడతలుగా. ఆర్నెల్లకు పంచి చూస్తే రోజుకు 28 రూపాయలు కూడా పడదు. నాట్ల సీజన్ పోతే మళ్లీ అంత పని దొరకదు. అలాంటప్పుడు ఆమె ఇంట్లో కూర్చోగలదా?

తల్లిపాలు ఇవ్వాలా వద్దా అన్నది తల్లి ఒక్కతే తీసుకునే నిర్ణయం కాదు. కాన్పు గదిలో నర్సు, ఇంట్లో అత్తమ్మ, పొలంలో ముఠా మేస్త్రి, సాయం విడుదల చేసే ప్రభుత్వం.. అందరి చేతా ఉంది. అంగన్‌వాడీకి పిలిచి చెప్పేది మాత్రం తల్లికే. ఈసారి అత్తమామలను, భర్తలనూ పిలవాలి. కూలీ తల్లికిచ్చే సాయం ఆర్నెల్ల కూలిలో సగానికైనా సరిపోయేలా పెంచాలి. అప్పటిదాకా పోస్టర్ గోడ మీద ఉంటుంది, తల్లి నాట్లలో ఉంటుంది.